బైకుల వరసలో అమ్మమ్మ వ్యాను

అమ్మమ్మ జీవితంలో సగం వ్యానులో పక్క సీటు మీద గడిచింది. మిగతా సగం దుప్పట్లు మడవడంలో గడిచింది. నిద్రకు తీరిక ఎప్పుడు దొరికిందో ఎవరికీ తెలియదు గానీ, గురక మాత్రం ఇంటిల్లిపాదీ విన్నారు.

వాళ్ళది బట్టలుతికే పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉతికే మిషను ఒకటి, పిండే మిషను ఒకటి, గోడ పక్కన పొడవాటి ఇస్త్రీ బల్ల. ఊళ్ళో లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అన్నీ అక్కడికే వచ్చేవి. తాత వ్యానులో మూటలు తెస్తాడు, అమ్మమ్మ ఉతుకుతుంది, ఇద్దరూ కలిసి మడుస్తారు, మళ్ళీ తాత చేరవేస్తాడు. చేరవేసేటప్పుడు అమ్మమ్మ కూడా వెళ్ళి తీరాలి. మరక పోలేదని లాడ్జీ వాళ్ళు అంటే తాత "నిజమేనండి" అని మూట వెనక్కి తెచ్చేసే రకం. అమ్మమ్మ అయితే ఆ మరక ఎవరిదో, ఎప్పటిదో, దుప్పటికి ముందు పుట్టిందో తర్వాత పుట్టిందో తేల్చి గానీ వదలదు.

దారంతా పక్క సీటులో కూర్చుని ఆమె కూడా వ్యాను నడుపుతూనే ఉండేది, నోటితో. "అదిగో కుక్క, అదిగో గుంత, వాడు తాగున్నాడు చూడండి." తన కాలి కింద బ్రేకు లేకపోయినా అవసరమొచ్చినప్పుడల్లా గట్టిగా తొక్కేది. తొక్కీ తొక్కీ ఆ వైపు రేకుకు సొట్ట కూడా పడింది. తాత ఏమీ అనేవాడు కాదు. అన్నా వినపడేది కాదు.

ఇలా సాగిపోతున్న బండికి కిందటేడు బైకుల గుంపు అడ్డం వచ్చింది. నిజానికి అడ్డం రాలేదు, వెనక నుంచి వచ్చింది.

ఏడాదికోసారి ఎక్కడెక్కడి వాళ్ళో పెద్ద పెద్ద బైకులేసుకుని, వరస కట్టి కొండ దాకా వెళ్ళొస్తారు. ఆ రోజు వ్యాను మెయిన్ రోడ్డు మీద లాడ్జీల వైపు పోతోంది. మొదట వెనక ఎక్కడో ఉరుము గొణిగినట్టు వినిపించింది. తర్వాత అద్దం నిండా దీపాలు. తర్వాత ఆ వైపూ బైకులే, ఈ వైపూ బైకులే, మధ్యలో వ్యాను. ఒకడు స్నేహంగానే, కాస్త జరగమన్నట్టు, చేతి తొడుగుతో వ్యాను రేకు మీద తట్టాడు. ఆ చప్పుడుకి తాత చేతులు బిగుసుకుపోయాయి. పక్కనున్న అమ్మమ్మ ఆయన మొహం చూసింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు. జీవితంలో మొట్టమొదటిసారి ఆమె నోట మాట రాలేదు. వ్యాను రోడ్డు దిగి మెత్తటి మట్టిలోకి ఒరిగింది. వెనక తలుపు ఊడి, ఉతికిన మూటలన్నీ బురదలో పడ్డాయి. బైకులు పోతూనే ఉన్నాయి. అందరికంటే ఆఖరున వచ్చినవాడు, దారి ఇచ్చినందుకు కృతజ్ఞతగా, బొటనవేలు పైకెత్తి చూపించి మరీ వెళ్ళాడు.

ఇంటికొచ్చాక తాత, "కళ్ళల్లో ఎండ పడింది," అన్నాడు. ఆ రోజంతా మబ్బు పట్టి ఉంది.

అమ్మమ్మ కిక్కురుమనకుండా మూటలన్నీ మళ్ళీ ఉతికింది.

అప్పటినుంచి తాతకు కళ్ళు సరిగ్గా కనపడవన్నమాట. కళ్ళ డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఆ డాక్టరుకే ఏమీ తెలియదని తాత తేల్చేశాడు. ముందు మెయిన్ రోడ్డు మానేసి సందుల్లో నడిపాడు. తర్వాత సందులూ మానేశాడు. ఎవరిదో ఆటోలో మూటలు పంపితే అవి సాయంత్రానికి గానీ చేరేవి కావు, లాడ్జీల వాళ్ళు రుసరుసలాడేవాళ్ళు. ఆఖరికి ఒకరోజు తాత, కూరగాయల కొట్టాయన వ్యాను అడుగుతున్నాడని, రెండు నెలలాగి ఒకటో తారీఖున వచ్చి తోలుకుపోతాడని చెప్పాడు. వ్యాను పోతే లాడ్జీలు పోతాయి. లాడ్జీలు పోతే షెడ్డులో మిషన్లు చూసుకుని మురిసిపోవడమే.

ఆ మాట చెప్పేటప్పటికి ఇద్దరూ దుప్పటి మడుస్తున్నారు. ఆ చివర రెండు కొసలు తాత చేతిలో, ఈ చివర రెండు కొసలు అమ్మమ్మ చేతిలో.

"అమ్మొద్దు," అంది అమ్మమ్మ.

"మరి ఎవరు నడుపుతారు? మీ నాన్న దిగొస్తాడా?"

"నేను నడుపుతా."

తాత చేతిలో కొసలు రెండూ జారిపోయాయి.

"చూడండి, మళ్ళీ ఉతకాలి," అంది అమ్మమ్మ, కింద పడ్డ దుప్పటి తీస్తూ.

కూతురు ఫోనులో ఈ సంగతి విని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "అమ్మా, సైకిలు కూడా రాదు కదే నీకు."

"సైకిలుకి రెండే చక్రాలు, పడిపోతుంది. దీనికి నాలుగున్నాయి," అంది అమ్మమ్మ.

పాఠాలు మొదలయ్యాయి. సంత లేని రోజు సంత మైదానంలో తాత పక్క సీటులో, అమ్మమ్మ స్టీరింగు ముందు. వీపు వెనక ఒక దిండు, కింద ఇంకో దిండు. అంత ఎత్తు లేపినా స్టీరింగు మీద నుంచి కళ్ళు మాత్రమే కనపడేవి. దూరం నుంచి చూసేవాళ్ళకి వ్యాను తనంతట తానే తిరుగుతున్నట్టుండేది.

"దుప్పటి పిండినట్టు పట్టుకోకే. చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో."

"చంటిపిల్ల ఇట్లా నన్ను గోడ మీదకి లాక్కుపోదుగా."

ఇంట్లో కూడా పాఠమే. ఇస్త్రీ బల్ల మీద తువ్వాళ్ళ దొంతరలు పేర్చి, ఇది కూడలి, ఇది మలుపు, ఇది బస్సు అని తాత చెప్పేవాడు. మనవలు బస్సును ఎత్తుకుపోయి ఒళ్ళు తుడుచుకునేవాళ్ళు.

తాత నేర్పిన వాటిలో ఒకటి మాత్రం ఏ డ్రైవింగు స్కూల్లోనూ చెప్పరు. కుర్రతనంలో ఆయన రోడ్లు వేసే కంపెనీలో లారీ నడిపాడు. లారీలన్నీ వరసగా పోయేవి. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి పెట్టి గుంత ఉందనో, ఆగమనో సైగ చేస్తే, దాన్ని వెనకవాడికి అందించాలి. వాడు తన వెనకవాడికి అందించాలి. "సైగ మింగకూడదు," అని ఇస్త్రీ బల్ల మీద వేలితో కొట్టి చెప్పేవాడు తాత. "సైగ మింగినవాడు వెనకవాణ్ణి మింగినట్టే." తాత చెప్పినవాటిలో అమ్మమ్మకు గేర్ల సంగతి సగమే ఎక్కింది గానీ ఇది మాత్రం పూర్తిగా ఎక్కింది.

పరీక్ష రోజు వచ్చింది. లైసెన్సు ఆఫీసు ప్రహరీ దగ్గర టీ ఫ్లాస్కు పట్టుకుని తాత నిలబడిపోయాడు. వ్యానులో అమ్మమ్మ పక్కన ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. ఆయన మాటల్లో మహా పొదుపు. "ఎడమ." "కుడి." "ఆపండి." అంతే. అమ్మమ్మ సందులన్నీ బాగానే దాటింది. గేరు మార్చేటప్పుడు వ్యాను ఒకటి రెండుసార్లు మూలిగింది గానీ వయసు మీద పడ్డ బండి కదా, మూలగదా మరి.

"కుడికి, మెయిన్ రోడ్డు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మెయిన్ రోడ్డు మీద వరసగా బైకులు పోతున్నాయి. మధ్యలో కాస్త సందు కనపడితే అమ్మమ్మ, నేర్పిన ప్రకారం, ముక్కు దూర్చింది. దూర్చాక గానీ తెలియలేదు, వెనక కూడా బైకులే వస్తున్నాయని. ఆ గొణుగుడు, ఆ దీపాలు ఆమెకు ఎరుకే. కానీ చేతులు బిగుసుకోలేదు. ముందున్న బైకు మీద నారింజ కోటు మనిషి వెనక్కి తిరిగి వ్యానును చూశాడు. వాళ్ళ సామాన్ల వ్యాను పొద్దునే చెడిపోయిందట, ఇంకోటి వస్తుందని చెప్పారట. అదే ఇది అనుకుని, రమ్మని తల ఊపాడు. ఊపి, రోడ్డు మీద గుంత ఉందని చెయ్యి కిందికి చాపి చూపించాడు.

అమ్మమ్మ ఏం చేస్తుంది? సైగ మింగకూడదు కదా. కిటికీలోంచి చెయ్యి పెట్టి అచ్చం అలాగే చూపించింది. వెనకవాడు తన వెనకవాడికి చూపించాడు. మన వ్యానే అని అందరూ కుదుటపడ్డారు.

"తర్వాత సందులో ఎడమ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ సందు మొగలో ఒక బైకు మనిషి, లోపలి బళ్ళు రాకుండా అడ్డంగా నిలబడి, ముందుకి పొమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

"అక్కడ మనిషున్నాడండీ."

"సరే, ఆ తర్వాత దాంట్లో."

అక్కడా మనిషున్నాడు. ఆ తర్వాతా ఉన్నాడు. ఊరు వెనకపడిపోతోంది.

"అసలు వీళ్ళు ఎక్కడికి పోతున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ఉద్యోగంలో చేరాక అంత పెద్ద వాక్యం ఆయన మాట్లాడటం అదే మొదలేమో.

"నాకేం తెలుసండీ. దారి చెప్పేది మీరే కదా."

ఊరి చివర నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. అడ్డరోడ్డు మీద ఒక బస్సు, దాని పక్కన స్కూటరు మీద బిడ్డను ముందు కూర్చోబెట్టుకున్న ఒకామె, ఇంకా ఎవరెవరో ఆగి ఉన్నారు. ఎప్పటినుంచి ఆగారో గానీ బస్సులో జనం దిగి నడుములు సాగదీస్తున్నారు. అందరికంటే ముందు, నీళ్ళ క్యాన్ల మూడు చక్రాల బండితో ఒక పెద్దాయన. దాటుదామని ముందు చక్రం రోడ్డు మీద పెట్టాడు, అంతలో వరస వచ్చిపడింది. ముందుకి పోలేడు, వెనక్కి రాలేడు. బైకులు ఆయనకు ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ దూసుకుపోతున్నాయి. ఒకడు హారన్ కొట్టాడు. పెద్దాయన హ్యాండిలు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. నోరు కాస్త తెరుచుకుని ఉంది. కళ్ళు దేన్నీ చూడటం లేదు.

ఆ మొహం అమ్మమ్మకు తెలుసు.

ఇన్‌స్పెక్టరు ఆపమనలేదు. ముందువాడు సైగ చెయ్యలేదు. అమ్మమ్మ కాలు మాత్రం బ్రేకు మీదకి మెల్లగా దిగింది. చెయ్యి కిటికీలోంచి బయటికి చాచి, కిందికీ పైకీ ఊపి, ఆఖరున పిడికిలి బిగించి పైకెత్తింది. అద్దంలో చూస్తే వెనకవాడి పిడికిలి లేచింది, వాడి వెనకవాడిది లేచింది, దండెం మీద దుప్పట్లు గాలికి ఒకదాని తర్వాత ఒకటి లేచినట్టు, కనపడినంత దూరం. ఒక్కొక్కటే ఇంజన్లు తగ్గాయి. వ్యాను ముందున్నవాళ్ళు సంగతి తెలియక వెళ్ళిపోయారు. కూడలి ఖాళీ అయింది.

పెద్దాయన కదల్లేదు.

అమ్మమ్మ తల బయటపెట్టింది. "నిదానంగా పోవయ్యా. ఎవరూ రారు. నేనున్నాగా ఇక్కడ."

ఆయన ఆమెను చూశాడు. తర్వాత చక్రాన్ని చూసుకున్నాడు. బండి కదిలింది. క్యాన్లలో నీళ్ళు కుదుపుకి గుడగుడమన్నాయి. ఆయన వెనక స్కూటరు, దాని వెనక బస్సు. స్కూటరు మీది బిడ్డ ఇన్‌స్పెక్టరుకి టాటా చెప్పింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్న ఇన్‌స్పెక్టరు కూడా చెప్పాడు.

వెనక బైకు మనిషి హెల్మెట్టు తీసుకుంటూ వచ్చాడు. లావుపాటి మనిషి, బట్టతల చెమటతో మెరుస్తోంది.

"ఏమైందాంటీ, పంక్చరా?"

"పంక్చరు కాదు నాయనా. వాళ్ళు దాటుతున్నారు."

"మన వరస తెగిపోద్ది కదాంటీ."

"తెగితే మళ్ళీ కలుస్తుందిలే. దుప్పటా ఏంటి, చిరిగితే అతుక్కోకపోవడానికి."

"మీరు... మన సామాన్ల వ్యానే కదా?"

"కాదు నాయనా. నాకివాళ డ్రైవింగు పరీక్ష."

బట్టతలాయన వ్యాను ముందుకి వెళ్ళి నేర్చుకునేవాళ్ళు పెట్టే ఎర్ర ఎల్ బోర్డు చూశాడు. ఇన్‌స్పెక్టరును చూశాడు. ఇన్‌స్పెక్టరు నిజమేనన్నట్టు తలాడించాడు.

అంతలో, వెనక వరస రావడం లేదని గమనించి, ముందు నుంచి గడ్డం పెద్దమనిషి ఒకడు బైకు తిప్పుకుని వచ్చాడు. గుంపుకి నాయకుడు ఆయనే. "మధ్యలో ఆపితే వెనకాల ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారమ్మా. ఎంత ప్రమాదమో తెలుసా? అందరం క్షేమంగా వెళ్ళాలనే కదా కూడళ్ళలో మనుషుల్ని పెట్టింది."

"మీరు క్షేమంగానే వెళ్తున్నారు నాయనా," అంది అమ్మమ్మ. గొంతు పెంచలేదు. మరకల దగ్గర తప్ప ఆమె గొంతు పెంచదు. "కిందటేడు ఇదే రోడ్డు మీద మా వ్యానుకి రెండు పక్కల నుంచీ వెళ్ళారు. మా ఆయన మట్టిలోకి దిగిపోయాడు. మళ్ళీ ఈ రోడ్డు మీద స్టీరింగు పట్టుకోలేదు. మీలో ఆఖరివాడు బొటనవేలు చూపించి పోయాడు."

బట్టతలాయన హెల్మెట్టును చంకలోంచి చేతిలోకి, చేతిలోంచి చంకలోకి మార్చుకున్నాడు.

"కిందటేడు ఆఖరి బండి నాదేనాంటీ," అన్నాడు. "తెల్ల వ్యాను. గుర్తుంది నాకు. పాపం మంచి మనిషి, మా కోసం పక్కకి తీసి దారిచ్చాడని ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పా."

"మంచి మనిషే," అంది అమ్మమ్మ. "దారి మాత్రం ఆయన ఇవ్వలేదు."

అడ్డరోడ్డు మీద ఆఖరి సైకిలు కూడా దాటేదాకా గడ్డమాయన అక్కడే నిలబడ్డాడు. తర్వాత వ్యాను వెనక్కి తిప్పుకోవడానికి తనే రోడ్డుకి అడ్డంగా నిలబడి చోటు చేయించాడు.

తిరుగుదారిలో ఇన్‌స్పెక్టరు మళ్ళీ ఎడమ, కుడి దగ్గరికే వచ్చేశాడు. ఆఫీసు గేటు దగ్గర దిగాక, "చెప్పిన దారి పూర్తి కాలేదమ్మా. బుధవారం రండి," అన్నాడు.

"దారి తప్పించింది నేనా అండీ?"

"అందుకే బుధవారం. మామూలుగా అయితే నెల తర్వాత రమ్మనాలి." రెండడుగులు వేసి ఆగాడు. "చెయ్యి చూపించడం ఎవరు నేర్పారు?"

"మా ఆయన."

"బాగా నేర్పారు," అని వెళ్ళిపోయాడు.

తాత ప్రహరీ దగ్గరే ఉన్నాడు. బైకుల మోత ఆయనకూ వినపడింది. అప్పటినుంచి ఫ్లాస్కు మూత తిప్పుతూనే ఉన్నాడేమో, టీ సగం చొక్కా మీదే ఉంది. ముందు వ్యాను చుట్టూ తిరిగి సొట్టలేమైనా పడ్డాయా అని చూశాడు. తర్వాత అమ్మమ్మ చుట్టూ తిరిగాడు.

"ఎంతసేపైందే. ఎక్కడికి పోయారు?"

"కొండకి పోబోయాం. సగం దారిలో మనసు మార్చుకున్నాం," అని అంతా చెప్పింది. నీళ్ళ బండి పెద్దాయన మొహం ఎలా ఉందో కూడా చెప్పింది. అక్కడికొచ్చేసరికి తాత తల దించుకున్నాడు. ప్రహరీ మీద పెచ్చు ఒకటి ఊడదీసి, దాన్ని వేళ్ళతో నలుపుతూ ఉండిపోయాడు.

"నా కళ్ళకేం కాలేదే," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు మబ్బుగా ఉందండీ."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం? నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా."

"దుప్పట్లు ఉతుక్కుంటున్నాగా," అంది అమ్మమ్మ. "ఇంతకీ టీ ఏమైనా మిగిల్చారా, లేకపోతే చొక్కా పిండుకోనా?"

తాత నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు. అమ్మమ్మ ఆయన చేతిలో ఫ్లాస్కు తీసుకుని, మిగిలిన చుక్క మూతలో పోసి, ముందు ఆయనకే ఇచ్చింది.

బుధవారం రోడ్డు మీద ఇన్‌స్పెక్టరు ఆవలింతలు తప్ప చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదు. అమ్మమ్మ పాసైంది. ఒకటో తారీఖున కూరగాయల కొట్టాయన వస్తే తాతే గుమ్మంలోకి వెళ్ళి, "వ్యాను ఇవ్వటం లేదయ్యా, డ్రైవరు దొరికింది," అని చెప్పాడు. "ఎవరు?" అంటే, "కాస్త నోరెక్కువ, పనిమంతురాలు," అన్నాడు.

ఆ మర్నాడే లాడ్జీలకు మొదటి లోడు. వెనక మూటలు, ముందు అమ్మమ్మ, పక్క సీటులో తాత, ఆయన ఒళ్ళో తువ్వాళ్ళ మూట. ఇల్లు దాటింది మొదలు తాత ఊరుకోలేదు. "గేరు మార్చు. మరీ అంచుకి పోకు. అదిగో, వాడు చూడకుండా వచ్చేస్తున్నాడు." అమ్మమ్మ ఊ కొడుతూ తనకు తోచినట్టే నడిపింది.

మెయిన్ రోడ్డెక్కాక వెనక ఆ గొణుగుడు వినిపించింది. పెద్ద గుంపు కాదు, ఎక్కడికో పోతున్న అరడజను బైకులు. తాత మాట నడుమలో తెగిపోయింది. ఒళ్ళో మూటను రెండు చేతులా పట్టుకున్నాడు. అమ్మమ్మ ఆయన వైపు తిరగలేదు. వేగం తగ్గించి, ఒక పక్కకి నిలకడగా పట్టి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, పొండి నాయనా పొండి అన్నట్టు ఊపింది. ఒక్కొక్కటే పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఆఖరివాడు దీపం ఒకసారి వెలిగించి ఆర్పాడు. మోత దూరమైంది. వ్యాను వ్యానులాగే పోతోంది.

తాత నుంచి ఇంకే ఆజ్ఞా రాలేదు. లాడ్జీ మలుపు దగ్గర, ఇక్కడైనా ఏదో ఒకటి అనకుండా ఉంటాడా అని అమ్మమ్మ పక్కకి చూసింది. తాత నిద్రపోతున్నాడు. తువ్వాళ్ళ మూట మీద గడ్డం ఆనించి, నోరు తెరుచుకుని, హాయిగా. ఇంకొకడు నడిపే బండిలో పుట్టి బుద్ధెరిగాక ఆయన కన్ను మూసింది లేదు. బస్సెక్కినా డ్రైవరు వెనకే కూర్చుని తెల్లవార్లూ రోడ్డు చూస్తాడు. డ్రైవరన్నవాడు వేరేవాడి పక్కన కునుకు తీశాడంటే, అంతకు మించిన లైసెన్సు ఏ ఆఫీసులోనూ ఇవ్వరు.

మలుపులో గుంతలన్నీ తప్పించి, కొత్త పెళ్ళికూతుర్ని నడిపించినట్టు నడిపించి, లాడ్జీ ముందు వ్యాను ఆపింది. లాడ్జీ గుమాస్తా మెట్ల మీద నుంచి అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు. "ఏమ్మా, పోయిన వారం గలీబుల మీద ఆ పసుపు మరక..."

అమ్మమ్మ పెదాల మీద వేలు పెట్టింది.

"నువ్వన్నదే నిజంలే నాయనా," అంది గుసగుసగా. "మెల్లగా మాట్లాడు."

గుమాస్తా నమ్మలేక నోరెళ్ళబెట్టాడు. అమ్మమ్మ కిందికి దిగి, తలుపు చప్పుడవుతుందని వెయ్యకుండా అలాగే వదిలేసి, మూటలు ఒక్కొక్కటే తానే మోసుకుంటూ లోపలికి పోయింది.